మందుల చీటీలో రాయని సగం

తెలంగాణ వైద్య మండలి సభ్యులకు, రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం అధికారులకు, హైదరాబాద్‌లో వైద్యం చేస్తున్న డాక్టర్లందరికీ నమస్కారాలు.

నేను చిక్కడపల్లిలో ఉంటాను. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా అపార్ట్‌మెంటులో అరవై దాటినవారే ఎక్కువ. వాళ్ళ పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. అందుకని ఆసుపత్రి నుంచి రాగానే చాలామంది మందుల చీటీ, మాత్రల సంచి పట్టుకుని మా ఇంటికి వస్తారు. ఏది పరగడుపున, ఏది అన్నం తిన్నాక, ఏది పడుకునే ముందు అన్నది చదివి, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇస్తాను. ఆ తరువాత వాళ్ళు అడిగే రెండు ప్రశ్నలకు మాత్రం ఆ చీటీలో జవాబు దొరకదు. "ఇది వేసుకుంటే నాకేమి మేలు, టీచరుగారూ? వేసుకుంటే ఏమైనా చేస్తుందా?"

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది నేను కాదు, మీరు. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, మూర్ఛ, కుంగుబాటు, కీళ్ళవాతం వంటి జబ్బులకు నెలల తరబడి, ఏళ్ళ తరబడి వాడవలసిన ఏ మందు రాసినా, దాని మేలెంత, కీడెంత అన్నది ఒకే కాగితం మీద, అంకెలతో సహా, తెలుగులోనూ ఉర్దూలోనూ రోగి చేతికి అందాలి. నేను అడుగుతున్నది ఇదొక్కటే. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెబుతాను.

మా వీధిలో ఒక ఆర్టీసీ మహిళా కండక్టరు ఉన్నారు. ఆమెకు బీపీ. రాసిచ్చిన మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేది. పొద్దున వేసుకుంటే కొన్ని గంటలపాటు మాటిమాటికీ బాత్రూముకు వెళ్ళవలసి వస్తుంది. నగరంలో తిరిగే బస్సులో ఉద్యోగం చేసే ఆడమనిషికి అది ఎక్కడ కుదురుతుంది? ట్రిప్పు పూర్తయ్యేదాకా ఉగ్గబట్టుకోవాలి. చివరికి ఆమె డ్యూటీ ఉన్న రోజుల్లో ఆ మాత్ర మానేసి, సెలవు రోజున మాత్రం వేసుకోవడం మొదలుపెట్టారు. బీపీ తగ్గలేదు. తగ్గలేదని డాక్టరు ఇంకో మాత్ర జోడించారు. ఆ డాక్టరుకు పక్షవాతం ముప్పు తెలుసు, బస్సు సంగతి తెలియదు. ఈమెకు బస్సు సంగతి తెలుసు, ముప్పు తెలియదు. ఇద్దరికీ తెలిసినవి ఒకచోటికి చేరి ఉంటే వేళ మార్చడమో మందు మార్చడమో ఎంతసేపటి పని?

ఒక దుష్ప్రభావం ఎంతమందికి వస్తుందో చెప్పగలిగేది వైద్యశాస్త్రం. వచ్చినప్పుడు అది ఒక మనిషి బతుకు మీద ఎంత బరువు వేస్తుందో చెప్పగలిగేది ఆ మనిషి ఒక్కరే. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి బీపీ మందులతో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. మన ఆసియా వాసుల్లో అది మరింత ఎక్కువ. ఇంటిపట్టున ఉండే నాబోటి దానికి ఆ దగ్గు చికాకు. సంగీతం పాఠాలు చెప్పుకుని బతికే ఆమెకు అది కూటికి చేటు. దగ్గు అంతగా తెప్పించని టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివి ఉన్నాయని ఆమెకు తెలిస్తే కదా, మార్చమని అడగడానికి! నరాల మంటలకు ఇచ్చే ప్రీగాబాలిన్‌తో మగత రావచ్చు. ఇంట్లో ఉండే మనిషి దాన్ని కొన్నాళ్ళు ఓర్చుకుంటాడు. ఉప్పల్ నుంచి మెహిదీపట్నం దాకా ఆటో నడిపే మనిషి ఓర్చుకోకూడదు. అందువల్ల మేలూ కీడూ బేరీజు వేయడం డాక్టరు ఒక్కరే చేయగల పని కాదు, రోగి ఒక్కరే చేయగల పనీ కాదు. త్రాసులో ఒక పళ్ళెం మీ చేతిలో ఉంది, రెండోది మా చేతిలో ఉంది.

మాకు అందుతున్న సమాచారం ఎలాంటిదో కూడా మీకు తెలియాలి. ఓపీలో వినబడేది "ఇవి వాడండి, నెల తరువాత రండి" అన్న మాట. గేటు దాటగానే వినబడేవి వంద మాటలు. బీపీ మాత్ర ఒకసారి మొదలుపెడితే ఒంటికి అలవాటైపోతుందట. షుగర్ బిళ్ళలు కిడ్నీలను తినేస్తాయట. కిడ్నీలను దెబ్బతీసేది అదుపు తప్పిన షుగరూ బీపీయేనని ఆ చెప్పేవాళ్ళలో ఒక్కరూ చెప్పరు. అసలు భయపడవలసిన చోట ఎవరూ భయపడరు. మోకాళ్ళ నొప్పికి దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి బిళ్ళను చాక్లెట్ వేసుకున్నట్టు వేసుకుంటారు. బీపీకి రామిప్రిల్ లాంటి మందూ, నీరు తీసే మాత్రా వాడుతున్నవాళ్ళు దానికి ఈ నొప్పి బిళ్ళ జోడిస్తే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినవచ్చన్న సంగతి మా అపార్ట్‌మెంటులో ఎవరూ విని ఉండలేదు.

మా వెనక వీధిలో ఒక పెద్దాయన బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునేవారు. పాదాలు వాచాయి. ఆ మందుకు అది బాగా తెలిసిన దుష్ప్రభావం. మోతాదు పెరిగేకొద్దీ వాపు వచ్చే అవకాశం పెరుగుతుంది, మోతాదు తగ్గిస్తేనో మందు మారిస్తేనో తగ్గుతుంది. ఆయనకు ఆ ఒక్క వాక్యం ఎవరూ చెప్పలేదు. కాళ్ళు వాచాయంటే కిడ్నీలు పోయినట్టేనని తెలిసినవాళ్ళెవరో అన్నారు. ఆయన మాత్ర ఆపేశారు. ఆపినందుకు కోప్పడతారేమోనని డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. వేసవి దాటకముందే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట తడబడింది. కాళ్ళ వాపు మాత్ర వల్లేనని ముందే చెప్పి ఉంటే మేము అంత భయపడేవాళ్ళమా అని ఆయన భార్య నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఆమెకు నేనేమి చెప్పను?

"అన్నీ చెబితే భయపడి మందే మానేస్తారమ్మా" అని ఒకరిద్దరు డాక్టర్లు నాతో అన్నారు. ఆ మాటను నేను కొట్టిపారేయడం లేదు. భయం నిజంగానే బాధను పుట్టించగలదు. లండన్ పరిశోధకులు చేసిన సామ్సన్ అనే ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఒంటికి పడక మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, నాలుగు నెలలు ఏ మాత్రా లేకుండా, నెలలను కలగాపులగం చేసి ఇచ్చారు. మాత్ర ఉన్న సీసాల్లో ఏది మందో, ఏది ఉత్తుత్తిదో వాళ్ళకు తెలియదు. రోజూ ఎంత బాధగా ఉందో ఒక అంకె వేశారు. స్టాటిన్ నెలల్లో అదనంగా కలిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ కలిగింది. ఒళ్ళు నొప్పులు నిజమైనవే. వాటికి కారణం చాలావరకు మాత్ర వేసుకుంటున్నామన్న జంకు.

ఇక్కడితో ఆపితే ఆ డాక్టర్ల మాటే నెగ్గుతుంది. తరువాత జరిగింది చూడండి. ఎవరి లెక్కలు వాళ్ళకు చూపించారు. ప్రయోగం ముగిసిన ఆరు నెలలకు వాళ్ళలో 30 మంది స్టాటిన్ మళ్ళీ వాడుతున్నారు. మందు మానేసినవాళ్ళలో సగం మందిని వెనక్కి తెచ్చింది వాళ్ళకు దాచకుండా చూపిన అంకెలే. ఇక మన ఊళ్ళో చెప్పకుండా దాచడం వల్ల ఎవరు మందు మానకుండా ఉన్నారు? మా వెనక వీధి పెద్దాయనా?

అంకె చెప్పడంలోనూ పద్ధతి ఉంది. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఔషధ భద్రతా సంఘం ఒక హెచ్చరిక చేసింది. కొత్త తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ముప్పు రెట్టింపు అవుతుందన్నది దాని సారాంశం. రెట్టింపు అన్నది నిజమే. ఏడాదికి 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని దాని అర్థం. ఆ అర్థం జనానికి చేరలేదు. భయపడి చాలామంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. గడ్డలు ఏర్పడే ముప్పు ఆ మాత్రలకన్నా గర్భంతోనే ఎక్కువ. ఒక్క మాట అంకె లేకుండా చెప్పినందుకు ఎంతమంది ఆడవాళ్ళు ఎంత బాధపడ్డారో ఊహించండి. ఎన్ని వేలమందిలో ఎంతమందికి అన్నది చెప్పకుండా "రెట్టింపు", "సగానికి తగ్గుతుంది" అనడం మా పదో తరగతి పిల్లలు రాస్తే నేను మార్కులు వేసేదాన్ని కాదు.

స్టాటిన్ల లెక్కనే సరిగా చెబితే ఇలా ఉంటుంది. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఇప్పటికే గుండెపోటు వంటిది వచ్చిన 10,000 మంది చెడు కొలెస్ట్రాల్ బాగా తగ్గేలా ఐదేళ్ళు ఈ మాత్రలు వాడితే సుమారు 1,000 మందికి గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపద తప్పుతుంది. ముప్పు ఎక్కువగా ఉండి ఇంకా ఏమీ రానివాళ్ళలో సుమారు 500 మందికి తప్పుతుంది. కీడు వైపు చూస్తే, 10,000 మందిలో తీవ్రమైన కండరాల జబ్బు 5 మందికి, కొత్తగా మధుమేహం 50 నుంచి 100 మందికి, మెదడులో రక్తస్రావం 5 నుంచి 10 మందికి. ఈ మూడు వాక్యాలు చదవడానికి ఒక నిమిషం పట్టదు. గుండెపోటు వచ్చిన మా వారి అన్నగారు ఇవి విని మాత్ర ఆపనన్నారు. ఎప్పుడూ ఏమీ రాని, ముప్పు తక్కువ ఉన్న మనిషి ఇవే అంకెలు చూసి, కొన్నాళ్ళు నడకతో, తిండితో ప్రయత్నిస్తానంటే దాన్ని మొండితనం అనకండి. తెలిసి తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టడానికి మనమెవరం?

అలాగే, ఒకప్పుడు సరైన మందు ఎప్పటికీ సరైనది కాకపోవచ్చు. ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్ళకు, స్టెంట్ వేసినవాళ్ళకు ఆస్పిరిన్ ప్రాణరక్షణ. ఏమీ రాకపోయినా ముందుజాగ్రత్తగా దాన్ని రోజూ వేసుకునేవాళ్ళు మాత్రం మన ఊళ్ళో కొల్లలు. 2018లో వచ్చిన మూడు పెద్ద పరిశోధనలు అలాంటివాళ్ళకు మేలు స్వల్పమనీ రక్తస్రావం ముప్పు దాన్ని చాలావరకు తినేస్తుందనీ చూపాయి. 60 దాటినవాళ్ళు ఆ కారణంతో ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టవద్దని అమెరికా నిపుణుల సంఘం 2022లో చెప్పింది. గ్యాస్ బిళ్ళ కథా ఇంతే. ఏదో ఒక జ్వరంలో యాంటీబయాటిక్‌తోపాటు రాసిన పాంటొప్రజోల్ చీటీ మీద ఎన్నాళ్ళో లేకపోతే, అది ఏళ్ళ తరబడి నడుస్తుంది. కనుక ఆ కాగితంలో "ఎప్పటివరకు" అన్న గడి తప్పక ఉండాలి.

"హఠాత్తుగా ఆపవచ్చా" అన్న గడి అంతకన్నా అవసరం. స్టెరాయిడ్లు, మూర్ఛ మందులు, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, కుంగుబాటు మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదమో తీవ్రమైన ఇబ్బందో కలుగుతుంది. కుంగుబాటు మందుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వికారం, నిద్ర చెడటం వంటివి మొదటి వారంలోనే వస్తాయి, మేలు కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు కీడు, తరువాత మేలు. ఆ సంగతి చెప్పకుండా పంపితే, అసలే ఆశ సన్నగిల్లిన మనిషి మొదటి వారంలోనే మాత్ర అవతల పారేయడంలో వింతేముంది?

మనవాళ్ళు డాక్టరును ధైర్యంగా అడిగే ప్రశ్న ఒకటే: "పథ్యం ఏమైనా ఉందా?" దాని వెనక ఈ మందు నన్నేమి చేస్తుంది అన్న అసలు ప్రశ్న ఉంటుంది. "ఏమీ లేదు, అన్నీ తినవచ్చు" అనేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. నిజానికి చెప్పవలసింది చాలా ఉంటుంది. గ్లిమిపిరైడ్ వంటి షుగర్ మాత్ర వేసుకుని కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే, రంజాన్‌లో వేళ మార్చకుండా వేసుకుంటే, షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, తికమక, ఆపై స్పృహ తప్పడం జరగవచ్చు. అసిట్రోమ్ వంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్ళు ఒక వారం రోజూ పాలకూర తిని మరుసటి వారం పూర్తిగా మానేస్తే మందు పనిచేసే తీరు మారిపోతుంది.

చెబితే ఫలితం ఉంటుందనడానికి ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. క్షయకు రిఫాంపిసిన్ వాడితే మూత్రం నారింజరంగులోకి మారుతుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందని ఎవరైనా హడలిపోతారు. మా పనమ్మాయికి క్షయ వచ్చినప్పుడు ఆరోగ్య కార్యకర్త ఆ సంగతి మొదటి రోజే చెప్పింది. చూపు మసకబారినా, కళ్ళు పచ్చబడినా మాత్రం వెంటనే రమ్మంది. ఆ అమ్మాయి భయపడకుండా మందుల కోర్సు పూర్తిచేసింది. ఏది మామూలు, ఏది ప్రమాదం అన్న తేడా తెలియడమే ఆమెను నిలబెట్టింది.

మెథోట్రెక్సేట్ గురించి చెప్పకుండా ఉండలేను, అది మనవాడి మందు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. ఇవాళ కీళ్ళవాతానికి రెండూ రాస్తారు. ఒకటి జబ్బును అణచడానికి, రెండోది మొదటిదాని కీడు తగ్గించడానికి. ఈ మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లుపడి, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. అలా పోయినవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. ఒక తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చిన మందును ఒక తెలుగు ముసలమ్మ తెలుగులో "వారానికి ఒక్కసారే" అన్న రెండు మాటలు లేక తప్పుగా వేసుకునే పరిస్థితి ఉండకూడదు.

అట్టపెట్టెలో కాగితం ఉంటుంది కదా అంటారేమో. ఉన్నచోట అది చీమతలంత అక్షరాల ఇంగ్లిషులో, డాక్టరు కోసం రాసినట్టుంటుంది. మాకు దుకాణంలో పది మాత్రల అట్ట కత్తిరించి ఇస్తారు, ఆ కాగితం పెట్టెలోనే ఉండిపోతుంది. 2023 ఆగస్టు 1 నుంచి 300 పేరున్న బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. దానిలో తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వంటివి పెట్టాలన్నారు. నకిలీ మందులను పట్టుకోవడానికి అది మంచిదే. ఆ మందు నన్నేమి చేస్తుందో అందులో పెట్టాలని మాత్రం ఆ నిబంధనలో లేదు.

ఇక్కడే నాకు మనసు మండుతుంది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ పుట్టిన కాలం నుంచి మనది మందుల నగరం. ఈ చుట్టుపక్కల తయారయ్యే మందులు ఐరోపాకూ వెళతాయి. అక్కడి చట్టం ప్రకారం ప్రతి పెట్టెలోనూ రోగికి అర్థమయ్యేలా, ఆ దేశపు భాషలో కరపత్రం ఉండాలి. ఏ దుష్ప్రభావం పదిమందిలో ఒకరికి, ఏది వెయ్యిమందిలో ఒకరికి అన్నది కూడా రాయాలి. అంటే మన ఊరి మాత్రతోపాటు పోలండ్‌లో పోలిష్ కాగితం, జర్మనీలో జర్మన్ కాగితం ఉంటాయి. అది తయారైన ఊళ్ళో తెలుగు కాగితం ఉండదు. కేంద్ర నిబంధనలు మార్చడం మీ చేతిలో లేదంటారా? కేంద్రానికి గట్టిగా రాయడం మీ చేతిలో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ బస్తీ దవాఖానాల్లోనూ కాగితం ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

రెండో వైపు దారి కూడా తెరవండి, మేము చెప్పేది వినే దారి. ఈ నగరానికి ఇందులో పాత అనుభవం ఉంది. 1888లోనూ 1889లోనూ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. శస్త్రచికిత్సలో ఇచ్చే ఆ మత్తు మనుషుల ప్రాణం ఎలా తీస్తోంది, శ్వాస ఆపా, గుండె ఆపా అన్నది ప్రశ్న. బ్రిటిష్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదని తేల్చారు. ఇతరచోట్ల డాక్టర్లు కళ్ళారా చూసిన హఠాన్మరణాలను మత్తు సరిగా ఇవ్వక జరిగినవంటూ లారీ తోసిపుచ్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లండ్ డాక్టరు పరిశోధన క్లోరోఫాం గుండె లయను నేరుగా దెబ్బతీయగలదని చూపింది. అంత ఖర్చు, అంత శ్రమ పెట్టినా, పడక పక్కన కనబడినదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే జవాబు తప్పుతుంది.

2010 నుంచి దేశంలో మందుల దుష్ప్రభావాలను నమోదుచేసే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. రోగి కూడా 1800 180 3024కు ఉచితంగా ఫోను చేసి చెప్పవచ్చు. నెలసరి నొప్పికి ఆడపిల్లలు విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా జ్వరం, దద్దుర్లతో మొదలై లోపలి అవయవాలను దెబ్బతీసే డ్రెస్ అనే జబ్బు రావచ్చని 2023 నవంబరు ఆఖరులో హెచ్చరిక వచ్చింది ఈ కార్యక్రమం ద్వారానే. ఆ నంబరు సుల్తాన్‌బజార్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ మందుల దుకాణం గోడ మీదా నాకు కనబడలేదు. ప్రతి దుకాణంలోనూ, ప్రతి ఓపీలోనూ తెలుగులో, ఉర్దూలో దాన్ని పెద్దగా రాయించండి.

మీకు తీరిక లేదని తెలుసు. ఉస్మానియా ఓపీ వరుస చూసినవాళ్ళెవరూ డాక్టరును గంటసేపు కూర్చుని చెప్పమనరు. అందుకే కాగితం అడుగుతున్నాను. ఎక్కువగా రాసే ఇరవై మందులతో మొదలుపెట్టండి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ సంస్థల్లో మందుల శాస్త్రం చదివిన ఆచార్యులు ఉన్నారు, విషయం వాళ్ళు రాస్తారు. భాష మామూలు మనిషికి అర్థమవుతోందో లేదో చదివి చెప్పడానికి నాబోటి విశ్రాంత ఉపాధ్యాయులు, తెలుగువాళ్ళూ ఉర్దూవాళ్ళూ ఊరినిండా ఉన్నాము. మాకు జీతం అక్కరలేదు. దుకాణంలో మందు ఇచ్చే ఫార్మసిస్టు ఆ కాగితాన్ని అట్టతోపాటు చేతిలో పెట్టి, ప్రమాద సూచనలు ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు. ముందు కొన్ని బస్తీ దవాఖానాల్లో ఆరు నెలలు ఇచ్చి చూడండి. ఎంతమంది మందు మానేశారో, ఎంతమంది మానకుండా తిరిగి వచ్చారో లెక్కపెట్టి ఆ అంకెలు అందరికీ చెప్పండి.

ఈ లేఖను మండలి తదుపరి సమావేశంలో చర్చకు పెట్టి, అవునో కాదో, కాకపోతే ఎందుకో బహిరంగంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయిని
చిక్కడపల్లి, హైదరాబాద్